బోరు బండి జాకీలు ఎలా పని చేస్తాయి? రాడ్డు దిగకముందే ఇవి చూసుకోండి

రాయదుర్గం: ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అందుకే అప్పు చేసైనా బోరు వేయిస్తాం. అడుగుకు ఎంత అని గట్టిగా బేరమాడతాం. బండి మట్టంగా నిలబడిందా లేదా అన్నది మాత్రం చాలామంది చూడరు.

బండి వాలుగా ఉంటే బోరూ వంకరగా దిగుతుంది. ఒక్క డిగ్రీ వాలుతో 500 అడుగులు దిగితే, బోరు అడుగు భాగం దాదాపు 8.7 అడుగులు పక్కకు పోతుంది. తర్వాత మోటారు దించేటప్పుడు ఇరుక్కోవచ్చు, కేబుల్ గోడకు ఒరుసుకుని తెగొచ్చు. ఆ ఖర్చు రైతుదే.

ఈ వాలు సరిచేసేవే హైడ్రాలిక్ జాకీలు. ఇంజన్‌తో తిరిగే పంపు ట్యాంకులోని ఆయిల్‌ను ఒత్తిడితో సిలిండర్‌లోకి పంపుతుంది. ఆయిల్ నొక్కితే కుదించుకుపోదు కాబట్టి పిస్టన్‌ను బయటికి తోస్తుంది. బండి బరువు టైర్ల మీద నుంచి జాకీల మీదికి మారుతుంది. ఒక్కో జాకీకి విడిగా లివర్ ఉంటుంది. ఏ పక్క పల్లంగా ఉంటే ఆ పక్క ఎత్తుతారు.

ఇంత బలం ఎక్కడిది? ఒత్తిడిని పిస్టన్ వైశాల్యంతో గుణిస్తే బలం వస్తుంది. ఉదాహరణకు 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పిస్టన్ మీద 200 బార్ ఒత్తిడి పడితే, ఆ ఒక్క జాకీయే సుమారు 16 టన్నులు ఎత్తగలదు. ఎత్తాక ఆయిల్ వెనక్కి పోకుండా లాక్ వాల్వ్ ఆపుతుంది. విదేశాల్లో ఇల్లులా వాడే మోటార్‌హోమ్ బండ్లను మట్టం చేసేదీ ఇదే పద్ధతి.

పని మొదలుపెట్టకముందు ఇవి చూడండి:

- జాకీల కింద మందపాటి చెక్కలు వేశారా? నల్లరేగడిలో, తడి నేలలో ఇది మరీ ముఖ్యం. చెక్క లేకపోతే జాకీ నేలలోకి దిగిపోతుంది.
- రసమట్టం పెట్టి పొడవునా, అడ్డంగా రెండు వైపులా చూశారా? కొన్ని రాడ్లు దిగాక మళ్లీ చూడమనండి. అదురుకు బండి కదులుతుంది.
- జాకీ దగ్గర ఆయిల్ కారుతోందా? నిలబెట్టాక మెల్లగా కిందికి దిగుతోందా? సీలో, వాల్వో పోయినట్టే. బాగు చేసేదాకా పని ఆపించండి.
- పైన కరెంటు తీగలు ఉన్నాయా? టవర్ లేపకముందే చూసుకోవాలి.

బండి జాకీల మీద ఉన్నంతసేపు దాని కిందికి ఎవరూ వెళ్లకూడదు. పిల్లల్ని అసలే దగ్గరికి రానివ్వొద్దు.