చింతపండుతో తోమిన రూపాయి

వరంగల్‌లో మా అత్తమ్మ బీరువాలోంచి 12 ఉస్మానియా వెండి రూపాయలు ఆన్‌లైన్ వేలానికి వెళ్లాయి. తీసుకెళ్లిన సంస్థ నుంచి పది రోజుల తర్వాత రెండు పేజీల కండిషన్ రిపోర్టు వచ్చింది. ‘ఇంట్లో పాత వస్తువులు వేలంలో అమ్మిపెట్టేవాళ్ల గురించి రాయండి, గురువారం సాయంత్రానికి కావాలి’ అన్నారు మా సంపాదకులు. ఐదుగురు వ్యాపారులతో మాట్లాడాను, మూడు ఒప్పంద పత్రాలు చదివాను. కానీ రోజూ తిరిగి చేతిలోకి తీసుకున్నది ఈ రెండు పేజీలనే.

కన్‌సైన్‌మెంట్ అంటే వస్తువు మనదే, అమ్మకం వాళ్లది. ఫొటోలు తీయడం, వివరాలు రాయడం, పాట పెట్టడం, డబ్బు వసూలు చేయడం, పార్శిల్ కట్టడం అన్నీ వాళ్లే చూస్తారు. పాట పలికితే కమిషన్ పట్టుకుని మిగతాది మన ఖాతాలో వేస్తారు. అది అందరికీ తెలిసిందే. వస్తువును ఎవరో భూతద్దం పెట్టి చూస్తారన్న సంగతి మాత్రం నేను ఈ కాగితం చదివాకే గ్రహించాను.

రిపోర్టులో ఒక్కో నాణేనికి నాలుగైదు వరుసలు ఉన్నాయి. ఈ రూపాయి మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. దాని నడిమి కమాను కింద అరబ్బీ లిపి అక్షరం ‘ఐన్’ కనిపిస్తుంది. అది ఉస్మాన్ పేరులోని మొదటి అక్షరం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కినప్పటి తొలి నాణేల్లో ఆ అక్షరం కొంతే పడింది, తర్వాతి వాటిలో పూర్తిగా ఉంది. ఆ తేడా ఒక్కటే పాటను పైకి లేపుతుంది. ఆయనకు ముందటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు నాణేల్లో అదే చోట ‘మీమ్’ ఉంటుంది. అత్తమ్మ అరవయ్యేళ్లుగా ఈ రూపాయలు చూస్తోంది. కమాను కింద అక్షరం ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇక అసలు విషయం. పన్నెండింటిలో తొమ్మిదింటి ఎదుట ఒకే మాట ఉంది: ‘శుభ్రం చేసినది. సన్నని గీతలు ఉన్నాయి.’ ప్రతి దీపావళికి ముందు చింతపండు గుజ్జు, ముగ్గుపిండి కలిపి తోమి, తెల్లగా మెరిసేదాకా తుడిచి లక్ష్మీపూజలో పెట్టడం ఆ ఇంటి ఆచారం. నాణేలు సేకరించేవాళ్లకు కావలసింది ఆ మెరుపు కాదు. ఏళ్ల తరబడి గాలి తగిలి వెండిపై పేరుకున్న నలుపూ, అంచుల్లో దోబూచులాడే నీలం, ఊదా ఛాయలూ వాళ్లకు ముద్దు. పులుపు ఆ పొరను తీసేస్తుంది, పిండి గీతలు పెడుతుంది. గీత పడిన నాణెం మళ్లీ మునుపటిలా కాదు. ఆ రిపోర్టు రాసినవారిని నేను చూడలేదు. కానీ తొమ్మిది సార్లూ ఒక్క నిందామాట లేకుండా ఉన్నది ఉన్నట్టు రాసిన ఆ చేయి మీద నాకు గౌరవం కలిగింది.

మిగిలిన మూడింటిలో రెండు సంచి కుట్టులో ఇరుక్కుపోయి తోముడు తప్పించుకున్నాయి. వాటిలో ఒకదాని మీద హిజ్రీ 1329, అంటే 1911, ఉంది. మూడోదాని గురించి ఇలా రాశారు: ‘పైఅంచున 12 గంటల దగ్గర కొక్కెం తీసిన గుర్తు.’ అది అత్తమ్మ వాళ్లమ్మ మెడలో వేసుకున్న రూపాయల దండలోది.

లెక్కల సంగతి కటువుగానే చెప్పాలి. పాట 10,000 దగ్గర ఆగిందనుకుందాం. అమ్మేవారి కమిషన్ 15 శాతమైతే చేతికి 8,500 వస్తాయి. కొన్నవారి మీద 20 శాతం అదనపు రుసుము వేస్తే వారు కట్టేది 12,000. పన్నులు కలపకుండానే నడుమ 3,500 తేడా. చేసిన పనికి అది న్యాయమేనని నాకు అనిపించింది. కానీ ముందే చెప్పాలి కదా! నేను చదివిన మూడు ఒప్పందాల్లో ఒక్కదానిలోనే ఆ రెండు అంకెలూ ఒకే పేజీలో ఉన్నాయి.

ఈ వ్యాపారం చరిత్ర క్లుప్తంగా: 1995 సెప్టెంబరులో పియర్ ఒమిడ్యార్ అమెరికాలో మొదలుపెట్టిన ఆక్షన్‌వెబ్ తర్వాత ఈబే అయింది. 2003 ప్రాంతంలో కాలిఫోర్నియాలో ‘వస్తువు ఇచ్చి వెళ్లండి, ఈబేలో మేం అమ్మిపెడతాం’ అనే దుకాణాలు వెలిశాయి. చౌక వస్తువుకూ ఖరీదైన వస్తువుకూ ఫొటో, వివరణ, ప్యాకింగ్ శ్రమ ఒక్కటే కావడంతో చౌక సామాన్లు గిట్టుబాటు కాలేదు. 2004లో ఈబే మన బాజీ డాట్ కామ్‌ను కొన్నది, 2018లో ఈబే ఇండియా మూతపడింది. ఇప్పుడు మన దగ్గర ఈ పద్ధతి ఎక్కువగా నాణేలు, తపాలా బిళ్లలు, చిత్రాల వంటి వాటి చుట్టూ తిరుగుతోంది.

పాట ఆదివారం రాత్రి. చివరి నిమిషంలో ఎవరైనా పెంచితే గడువు దానంతటదే జరుగుతుంది. అత్తమ్మ ‘ఒకటోసారి, రెండోసారి’ అనే గొంతు కోసం ఎదురుచూసింది. అంకె మాత్రమే మారుతూ పోయింది. తోమని రెండింటికీ వచ్చిన డబ్బు, తోమిన తొమ్మిదింటి మొత్తం కంటే ఎక్కువ.

వయసు నూరు దాటితే
1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణేలు కూడా పురావస్తువులే. దేశం లోపల అమ్ముకోవచ్చు, అనుమతి లేకుండా బయటికి పంపకూడదు. డాలస్‌లో ఉన్న అత్తమ్మ కొడుకు ఆ 1329 రూపాయిని తానే పాడుకుందామనుకున్నాడు. ఆ సంగతి తెలిసి ఆగిపోయాడు.

సంతకానికి ముందు
కనీస ధర ఎవరు నిర్ణయిస్తారు? అమ్ముడుపోకపోతే ఫొటోల ఖర్చు ఎవరిది? దారిలో పోతే బీమా ఎంత? మధ్యలో వెనక్కి తీసుకుంటే ఎంత కట్టాలి? జవాబులు నోటిమాటగా కాక కాగితం మీద అడగండి. వస్తువు ఇచ్చేముందు రెండు వైపులా ఫొటో తీసి, తూకం రాసుకోండి.

కొక్కెం గుర్తున్న రూపాయి అమ్ముడుపోలేదు. లాట్ నంబరు అంటించిన చిన్న ప్లాస్టిక్ కవరులో తిరిగొచ్చింది. అత్తమ్మ కవరు చించి, నాణేన్ని దీపం దగ్గరికి పట్టుకుని కమాను కింద అక్షరం కోసం చాలాసేపు వెతికింది. దొరికాక నావైపు చూసి అడిగింది: “ఇది మనింట్లనే ఉంటది గదా బిడ్డా, ఇగ తోముకోవచ్చునా?”