లోహపు తుక్కు – పుట్టినచోటనే పొందిక

గోదావరి డెల్టా అనగానే పచ్చని వరిచేలు, కొబ్బరితోటలు, నిండుగా పారే కాలువలు మనసులో మెదలుతాయి. ఆ పచ్చదనానికి ఇనుము చేసిన సేవ అంత సులభంగా స్ఫురించదు. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కోసం నది ఒడ్డుననే కర్మశాలలు వెలిశాయి. ఆ పాత ఆనకట్టకు బదులుగా 1982 నాటికి రూపుదిద్దుకున్న బ్యారేజికి 175 తలుపులు అమర్చారు. రాజమహేంద్రవరంలో 1924లో కాగితపు పరిశ్రమ అంకురించింది. చుట్టుపక్కల ధాన్యపు మిల్లులు, చక్కెర కర్మాగారాలు, లేతు షెడ్లు వెలిశాయి. యంత్రం తిరిగే ప్రతిచోటా లోహం అరుగుతుంది, విరుగుతుంది, తుప్పు పడుతుంది. అలా పనికి దూరమైన లోహాన్నే వాడుకలో తుక్కు అంటారు.

కర్మాగారంలో తుక్కు రెండు విధాలుగా పుడుతుంది. వస్తువును తయారుచేసేటప్పుడు మిగిలే రేకుల అంచులు, లేతుపై చుట్టలు తిరిగి రాలే ముక్కలు, ఆకురాయి రాపిడికి రాలే రజను మొదటి రకం. అరిగిపోయి యంత్రం నుండి ఊడదీసిన భాగాలు రెండవ రకం. చెరకు గానుగ ఆడే కాలం ముగిశాక చక్కెర కర్మాగారంలో జరిగే మరమ్మతులు ఇందుకు మంచి ఉదాహరణ. అప్పుడు పోత ఇనుప రోలర్లు, ఉక్కు ఇరుసులు, కంచు బేరింగులు, బాయిలరు గొట్టాలు, మోటార్లలోని రాగి తీగలు ఒక్కసారిగా బయటపడతాయి. వీటినన్నింటినీ ఆవరణలో ఒక మూల కుప్పగా పోస్తే ఆ కుప్పకు ఇనుము ధరయే పలుకుతుంది. అందులోని రాగి, కంచు తమ విలువను కోల్పోతాయి.

నష్టం ధరతోనే ఆగదు. ఉక్కును కరిగించేటప్పుడు దానిలో కలిసిన రాగిని సాధారణ శుద్ధి పద్ధతులతో వేరు చేయడం సాధ్యం కాదు. రాగి పాలు హద్దు మీరితే, ఎర్రగా కాల్చి సాగదీసే సమయంలో ఉక్కు ఉపరితలం పగుళ్ళు బారుతుంది. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెటపోట్లు తప్పవని సామెత. ఇక్కడ రాగితో కూడిన ఉక్కుకు పగుళ్ళు తప్పవు. కొలిమిలో కలిసిన తరువాత చేయగలిగింది స్వల్పం. కనుక వేరు చేయవలసిన సమయం తుక్కు పుట్టిన క్షణమే. ఏ యంత్రం నుండి ఏ లోహం రాలిందో అక్కడ పనిచేసే కార్మికునికి స్పష్టంగా తెలుస్తుంది. అది కుప్పలో చేరిన తరువాత నిపుణునికి సైతం పరీక్ష అవసరమవుతుంది.

ఇందుకు గొప్ప పరికరాలు అక్కరలేదు. ప్రతి యంత్రం పక్కన ఒక్కొక్క లోహానికి ఒక్కొక్క తొట్టి ఉంచి, దానిపై లోహం పేరు వ్రాసి, గుర్తుగా వేర్వేరు రంగులు పూస్తే చాలు. సందేహం కలిగినప్పుడు అయస్కాంతం తోడ్పడుతుంది. ఇనుము, సాధారణ ఉక్కు దానికి అంటుకొంటాయి. రాగి, ఇత్తడి, అల్యూమినియం అంటుకోవు. అయితే స్టెయిన్‌లెస్ స్టీలులో పలు రకాలు అయస్కాంతానికి లొంగవు. కనుక అంటనిదెల్లా ఉక్కు కాదని భావించరాదు. రాగికి ఎరుపు, ఇత్తడికి పసుపు సహజ వర్ణాలు. పైన తుప్పో రంగో పట్టి ఉంటే ఆకురాయితో కొద్దిగా రాచి చూడాలి.

డెల్టా ప్రాంతంలో తుక్కుకు మరొక శత్రువు ఉన్నది. అది నీరు. లేతు పనిలో కోతను చల్లబరచడానికి వాడే నూనె రజనుకు అంటుకొని ఉంటుంది. అటువంటి రజనును ఆరుబయట పోస్తే తొలకరి వానకే నూనె కడుక్కొనిపోయి, మురుగు బోదెల గుండా కాలువలకు చేరుతుంది. ఈ సీమలో కాలువ నీరు పొలాలకే కాక అనేక గ్రామాల మంచినీటి చెరువులకు కూడా ఆధారం. ఒక షెడ్డు వెనుక చూపిన అలసత్వం మరొక ఊరి బిందెలోకి చేరగలదు. కనుక తుక్కును పైకప్పు కింద, సిమెంటు నేలపై నిలువ చేయాలి. నేలను కొద్దిగా వాలుగా కట్టి, కారిన నూనెను గుంటలోకి మళ్ళించి సేకరించాలి. వాడిన నూనెను అపాయకర వ్యర్థంగా పరిగణించాలని 2016 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. దానిని అనుమతి పొందిన వారికే అప్పగించాలి.

తడిసిన తుక్కు కొలిమి దగ్గర ప్రాణాంతకం కాగలదు. కరిగిన లోహంలో తడి ముక్క మునిగితే నీరు క్షణంలో ఆవిరిగా మారి, అనేక రెట్లు వ్యాకోచించి, లోహాన్ని పైకి చిమ్ముతుంది. మూత బిగించిన డబ్బాలు, రెండు కొనలు మూసుకుపోయిన గొట్టాలు కూడా ఇదే విధంగా పేలుతాయి. కనుక వాటిని తెరిచి, ఖాళీ అని నిర్ధారించుకొన్న తరువాతనే తుక్కులో చేర్చాలి. తణుకు సమీపంలోని పెరవలి మండలం అజ్జరం గ్రామం ఇత్తడి వస్తువులకు ప్రసిద్ధి పొందింది. పాత ఇత్తడిని కరిగించి పోతపోసే ఏ పనిశాలకైనా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. ఇత్తడిలో రాగితోపాటు జింకు కూడా ఉంటుంది. జింకు 907 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగి ఆవిరి అవుతుంది. ఆ పొగను పీల్చిన వారికి చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు కలుగుతాయి. గాలి ధారాళంగా ఆడే ఏర్పాటు అక్కడ అత్యవసరం.

కంటికి కనిపించని ప్రమాదం ఇంకొకటి ఉన్నది. 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారుకు, ఒక విద్యాసంస్థ వేలంలో అమ్మిన పాత పరికరం చేరింది. దానిలో కోబాల్టు-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్నది. సంగతి తెలియక దానిని విడదీసిన చోట పలువురు వికిరణానికి గురయ్యారు, ఒకరు మరణించారు. ఆ పరికరం ఏమిటో, దానిలో ఏమున్నదో తెలుసుకొనవలసిన బాధ్యత దానిని వాడిన సంస్థదే. గేటు దాటిన తరువాత తుక్కు తన పూర్వచరిత్రను చెప్పుకోలేదు. అందుచేతనే ప్రతి తొట్టినీ కాటాపై తూచి, లోహం పేరు, బరువు, తేదీ, పుట్టిన విభాగం పుస్తకంలో నమోదు చేయాలి. ఈ లెక్క దొంగతనాన్ని అరికడుతుంది. ఒక విభాగంలో తుక్కు అకస్మాత్తుగా పెరిగితే, అక్కడి యంత్రంలోనో పనితీరులోనో లోపం ఉన్నదని హెచ్చరిస్తుంది. తుక్కును క్రమపద్ధతిలో అమ్మడం ఎంత మేలో, తుక్కు తక్కువగా పుట్టేటట్లు చూడడం అంతకంటె మేలు.

ఈ శ్రమ ఫలితం కర్మాగారం గోడలకే పరిమితం కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ఉక్కు తుక్కు పునర్వినియోగ విధానం ప్రకారం, ఒక టన్ను తుక్కును వాడితే 1.1 టన్నుల ఇనుప ఖనిజం, 630 కిలోల కోకింగ్ బొగ్గు, 55 కిలోల సున్నపురాయి ఆదా అవుతాయి. అల్యూమినియం విషయంలో లాభం మరింత అధికం. ఖనిజం నుండి దానిని తీయడానికి కావలసిన శక్తిలో సుమారు 5 శాతంతోనే తుక్కును కరిగించి మళ్ళీ లోహంగా మార్చవచ్చు. త్రవ్వవలసిన గనీ, మండించవలసిన బొగ్గూ ఆ మేరకు తగ్గుతాయి.

పాత ఇనుప సామాను కొంటామని కేక వేస్తూ వీధిలో సైకిలుపై వచ్చే వర్తకుడు ఇనుమును ఒక సంచిలో, ఇత్తడిని మరొక సంచిలో వేసుకొంటాడు. అది అతని జీవనోపాధి నేర్పిన పాఠం. కోట్ల పెట్టుబడితో నడిచే కర్మాగారం కూడా ఆ పాఠాన్ని నేర్చుకోవాలి. పని ముగిశాక యంత్రం కింద ఊడ్చే కార్మికునికి ఏ రజనును ఏ తొట్టిలో వేయాలో ఓపికగా నేర్పి, అతని చేతికి దళసరి తొడుగు, కాలికి గట్టి బూటు ఇవ్వడం యాజమాన్యపు కనీస ధర్మం. రేపు పరిశ్రమలలో అడుగుపెట్టబోయే విద్యార్థులు మొదట గమనించవలసినది కొత్త యంత్రాల మెరుపును కాదు. ఆ యంత్రాల పక్కనున్న తొట్టెలు ఎంత పొందికగా ఉన్నాయన్నదే.