మెట్లు దిగితేనే మైదానం: వెన్లో జట్టు వింతలు

డచ్ ఫుట్‌బాల్ అనగానే మనకు అయాక్స్, పీఎస్‌వీ, ఫెయనూర్డ్ పేర్లే గుర్తొస్తాయి. ఆ దేశపు ఆగ్నేయ మూలన లింబర్గ్ ప్రాంతంలో, మాస్ నది ఒడ్డున వెన్లో అనే ఊరుంది. కొద్ది కిలోమీటర్లు పోతే జర్మనీ. ఊరి జనాభా లక్ష పైచిలుకు. అక్కడి జట్టు వీవీవీ-వెన్లో. పసుపు, నలుపు రంగుల ఈ చిన్న జట్టు కథలో పెద్ద జట్లకు కూడా దొరకని విశేషాలున్నాయి.

పేరులో ఊరు రెండుసార్లు

ఈ క్లబ్ 1903 ఫిబ్రవరి 7న పుట్టింది. వీవీవీ అనే మూడక్షరాలను విప్పి చదివితే ‘వెన్లో ఫుట్‌బాల్ సంఘం’ అని అర్థం. ఆ పక్కన మళ్లీ వెన్లో అని చేర్చారు. అంటే ఒకే పేరులో ఊరు రెండుసార్లు వినబడుతుంది. అభిమానులు మాత్రం ముద్దుగా ‘గుడ్ ఓల్డ్’ అంటారు.

డబ్బిచ్చి ఆడించిన తొలి మ్యాచ్

1954 దాకా నెదర్లాండ్స్‌లో ఆటకు డబ్బు తీసుకోవడం నిషిద్ధం. అధికారిక సంఘం ఎంతకీ ఒప్పుకోకపోవడంతో కొందరు వేరు కుంపటి పెట్టి సొంత లీగ్ మొదలుపెట్టారు. ఆ దేశపు మొట్టమొదటి ప్రొఫెషనల్ మ్యాచ్ 1954 ఆగస్టు 14న ఆల్క్‌మార్‌లో జరిగింది. ఆల్క్‌మార్ జట్టుకు ఎదురు నిలిచింది స్పోర్ట్‌క్లబ్ వెన్లో ’54. తొలి గోల్ ఆల్క్‌మార్ ఆటగాడు క్లాస్ స్మిట్‌ది. వెన్లో 0–3తో ఓడింది. ఆ ఏడాది నవంబరులో రెండు సంఘాలూ రాజీపడ్డాక ఈ కొత్త జట్టు పాత వీవీవీలో కలిసిపోయింది. ఓడితేనేం, చరిత్ర మొదలైన రోజున మైదానంలో ఉన్న రెండు ఊళ్లలో వెన్లో ఒకటి.

మహా ఆటగాడి మజిలీ, ఒకే ఒక్క కప్పు

ఇంటర్ మిలాన్, టొరినో, వాలెన్సియా జట్లకు ఆడిన ఫాస్ విల్క్స్ 1956లో వెన్లోకు వచ్చి రెండేళ్లు ఆడాడు. దేశం తరఫున 38 మ్యాచ్‌ల్లో 35 గోల్స్ కొట్టిన ఘనుడు ఆయన. ఆ రికార్డును 1998లో డెన్నిస్ బెర్గ్‌కాంప్ వచ్చేదాకా ఎవరూ దాటలేదు. విల్క్స్ వెళ్లిపోయిన మరుసటి ఏడాది, 1959లో, వెన్లో జాతీయ కప్పు గెలిచింది. ఫైనల్లో ఏడీవో జట్టుపై 4–1 విజయం. ఆ క్లబ్ గెలిచిన జాతీయ కప్పు అదొక్కటే.

గోతిలో స్టేడియం

1972లో తెరిచిన సొంత స్టేడియం పేరు ‘డె కూల్’. స్థానిక మాండలికంలో గొయ్యి అని అర్థం. పేరుకు తగ్గట్టే మైదానం నేలమట్టానికి దిగువన ఉంటుంది. ఆటగాళ్లు సొరంగంలోంచి రారు. పైనుంచి, ప్రేక్షకుల మధ్యగా, పొడవాటి మెట్ల వరుస దిగి వస్తారు. మన కోనేటి మెట్లు గుర్తొస్తాయి. పట్టేది దాదాపు 8,000 మంది. గెలిచినా ఓడినా ఆట అయ్యాక మళ్లీ ఆ మెట్లే ఎక్కాలి.

నగోయా నుంచి ఇద్దరు, కానో నుంచి ఒకడు

2008 జనవరిలో జపాన్‌లోని నగోయా జట్టు నుంచి కెయిసుకె హోండా వచ్చాడు. కొద్ది నెలలకే వెన్లో రెండో డివిజన్‌కు పడిపోయింది. హోండా జట్టును వదిలిపోలేదు. మరుసటి సీజన్‌లో చాంపియన్‌గా నిలిపి మళ్లీ పైకి చేర్చాడు. ఊరు అతణ్ని ‘చక్రవర్తి కెయిసుకె’ అని పిలుచుకుంది. తర్వాత 2010, 2014, 2018 ప్రపంచకప్పుల్లో గోల్స్ చేసి, మూడు ప్రపంచకప్పుల్లో గోల్ కొట్టిన తొలి జపాన్ ఆటగాడయ్యాడు.

2010 ఆరంభంలో హోండా మాస్కోకు వెళ్తుంటే, అదే నగోయా నుంచి మాయా యొషిదా వెన్లోలో దిగాడు. 2022లో ఖతర్‌లో జర్మనీని, స్పెయిన్‌ను ఓడించిన జపాన్ జట్టుకు కెప్టెన్ ఇతనే. అదే 2010లో నైజీరియాలోని కానో నుంచి కుర్రాడు అహ్మద్ మూసా వచ్చాడు. 2014లో అర్జెంటీనాపై రెండు, 2018లో ఐస్‌లాండ్‌పై రెండు గోల్స్ చేసి, ప్రపంచకప్పుల్లో నైజీరియా తరఫున అత్యధిక గోల్స్ కొట్టినవాడిగా నిలిచాడు. ఐరోపాలో ముగ్గురికీ తొలి గుమ్మం ఈ గొయ్యే.

పదమూడు గోల్స్ పడిన సాయంత్రం

2020 అక్టోబరు 24. డె కూల్‌లో అయాక్స్ 13–0తో గెలిచింది. డచ్ అగ్రశ్రేణి లీగ్ చరిత్రలో అంతటి ఓటమి మరొకటి లేదు. 1972లో అయాక్స్ వితెసెను 12–1తో ఓడించిన పాత రికార్డు ఆ రోజు చెరిగిపోయింది. లసీనా ట్రయోరే ఒక్కడే ఐదు గోల్స్ కొట్టాడు. కరోనా ఆంక్షల వల్ల గ్యాలరీలు ఖాళీ. వెన్లో ఆటగాళ్లు ఆ మెట్లను నిశ్శబ్దంలోనే ఎక్కాల్సి వచ్చింది.

అదే సీజన్, మరో రికార్డు

ఆ ఏడాది వేసవిలో గ్రీస్ నుంచి వచ్చి చేరిన యోర్గోస్ యాకూమాకిస్ సీజన్ ముగిసేసరికి 26 గోల్స్ చేశాడు. లీగ్‌లో అందరికంటే ఎక్కువ. వెన్లో కొట్టిన మొత్తం గోల్స్‌లో సగానికి పైగా ఇతనివే. అయినా జట్టు 17వ స్థానంలో నిలిచి దిగువ డివిజన్‌కు పడిపోయింది. పడిపోయిన జట్టు ఆటగాడు టాప్ స్కోరర్ కావడం ఆ లీగ్‌లో అదే మొదటిసారి. తర్వాత స్కాట్లండ్‌లోని సెల్టిక్‌కు వెళ్లి, తొలి సీజన్‌లోనే అక్కడా అగ్రస్థానం పంచుకున్నాడు.

ఘోరమైన ఓటమి, గొప్ప గోల్స్ పంట రెండూ ఒకే ఏడాది, ఒకే జట్టుకు. అయాక్స్ కొట్టిన పదమూడుకు సరిగ్గా రెట్టింపు ఆ గ్రీకు కుర్రాడి లెక్క. వెన్లో పేరు ఎత్తినప్పుడు మొదటి అంకె ఒక్కటే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. రెండోది కూడా చెప్పాలి.