హజ్ యాత్రలో వడదెబ్బ

హిజ్రీ 1445 (క్రీ.శ. 2024) హజ్ దినాలలో మక్కాలోని మస్జిదె హరామ్ వద్ద ఉష్ణోగ్రత 51.8 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. ఆ ఏడాది 1,301 మంది యాత్రికులు మరణించినట్లు సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో నూటికి 83 మంది అనుమతి పత్రం లేకుండా వచ్చినవారు. అనుమతి గలవారికి చల్లని గుడారాలు, బస్సులు ఉండగా, వీరు నీడ లేని దారుల వెంట చాలాదూరం నడిచారు. కాచిన ఎండ ఇరువురికీ ఒక్కటే. కనుక ప్రాణాలు తీసింది ఎండ మాత్రమే కాదు, ఏర్పాటు లేకపోవడం కూడానని గ్రహించాలి.

మన శరీరంలోని వేడి ముఖ్యంగా చెమట ఆరడం వల్ల బయటికి పోతుంది. గాలిలో తేమ హెచ్చితే చెమట సరిగా ఆరదు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మాట తడబడుతుంది, స్పృహ తప్పుతుంది. వృద్ధులకు, గుండెజబ్బు, మధుమేహం గలవారికి, రక్తపుపోటు కోసం మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడేవారికి అపాయం మరీ అధికం.

ఈ జబ్బు చికిత్సలో మక్కా లోకానికి ఒక కొత్త పద్ధతి చూపింది. 1980 ప్రాంతంలో వైనర్, ఖొగాలీ అనే వైద్య శాస్త్రజ్ఞులు ఒక ప్రత్యేకమైన మంచాన్ని రూపొందించారు. రోగిని వలపై పడుకోబెట్టి, ఒంటిపై సన్నని నీటి తుంపరలు చల్లుతూ వెచ్చని గాలి వీస్తారు. వేడి తగ్గించడానికి వెచ్చని గాలి ఎందుకని సందేహం రావచ్చు. చర్మం ఒక్కసారిగా చల్లబడితే రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి సులువుగా బయటికి పోదని వారి ఆలోచన. అందుకే ఈ జాగ్రత్త. తరువాత అరఫాత్‌లో తుంపరలు చిమ్మే స్తంభాలు, మినాలో చల్లబరచిన గుడారాలు వచ్చాయి. నలభై ఏళ్ళుగా మక్కా ఉష్ణోగ్రత పదేళ్ళకు 0.4 డిగ్రీ చొప్పున పెరుగుతున్నా, ఈ ఏర్పాట్ల వల్ల వడదెబ్బ కేసులు నాలుగింట మూడు వంతుల మేరకు తగ్గినట్లు ఒక పరిశోధనలో తేలింది.

చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది గనుక, హజ్ క్రమంగా వసంతానికి, ఆపై చలికాలానికి జరుగుతున్నది. ఇది తాత్కాలికమైన ఊరట మాత్రమే. 2047-2052 మధ్య హజ్ మళ్ళీ వేడి, ఉక్క కలసిన నెలలలో పడినప్పుడు అపాయం హద్దు మీరవచ్చునని 2019లో శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. ఆనాటి హాజీలు నేటి మన యువకులే.

హజ్‌కు వెళ్ళేవారు కొన్ని వారాల ముందునుండే నడక అలవాటు చేసుకోవాలి. వాడే మందుల గురించి వైద్యుని అడగాలి. ఇహ్రామ్‌లో పురుషులు తలపై టోపీ పెట్టరాదు గాని, గొడుగు పట్టుకోవచ్చు. ఇది తెలియక ఎండలో మాడేవారు ఇంకా ఉన్నారు.

ఎండ మక్కాకే పరిమితం కాదు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడగాడ్పులకు వేయిమందికి పైగా చనిపోయారు. జుహ్ర్ నమాజు కాగానే తాళం పడే మస్జిదులు మనకు చాలా ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో అస్ర్ వరకు వరండా తెరచి, వాకిట చలివేంద్రం పెడితే, ఏ మతం వారైనా కూలీలు, రిక్షావారు కాసేపు నీడన కూర్చుంటారు. కమిటీకి అయ్యే ఖర్చు కుండలకు, పందిరికి మాత్రమే.