నీలి లేజరు ప్లేయరు: కొనాలా, ఆగాలా?

2006 సెప్టెంబరు 15న, అన్నాదురై జయంతి నాడు, తమిళనాడు ప్రభుత్వం ఉచిత కలర్ టీవీల పంపిణీ మొదలుపెట్టింది. అవి 14 అంగుళాల పిక్చర్ ట్యూబు టీవీలు. తర్వాతి నాలుగైదేళ్లలో అప్పటి వేలూరు జిల్లాలోని నెమిలి, గుడియాత్తం, కాట్పాడి పక్క పల్లెల్లోనూ అవి కనిపించాయి. ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. చిత్తూరు జిల్లా సరిహద్దు పక్కనే కాబట్టి తెలుగు సినిమా వీళ్లకు ఎప్పుడూ దూరం కాలేదు. టీవీ వచ్చాక దాని పక్కన ఒక వీడియో సీడీ (వీసీడీ) ప్లేయరు పెట్టుకుంటే చాలు, సినిమా హాలు ఇంటికొచ్చినట్టే.

అదే 2006లో అమెరికా దుకాణాల్లోకి రెండు కొత్త యంత్రాలు వచ్చాయి. ఏప్రిల్‌లో తోషిబావాళ్ల హెచ్‌డీ డీవీడీ ప్లేయరు, జూన్‌లో శామ్‌సంగ్‌వాళ్ల బ్లూ-రే ప్లేయరు. రెండూ డీవీడీ కంటే ఎన్నో రెట్లు స్పష్టమైన బొమ్మ చూపిస్తామన్నాయి. కానీ ఒకదాని డిస్కు మరొకదానిలో ఆడదు. అమెరికాలో ఉద్యోగం చేసే కొడుకు సెలవులకు వస్తూ ఏది తేవాలో తేల్చుకోవాల్సిన కాలం అది. ఆ తగువు తీరి చాలా ఏళ్లయింది గానీ, కొత్త యంత్రం ఎప్పుడు కొనాలన్న ప్రశ్న తీరలేదు. అందుకే ఈ రెండు యంత్రాల కథను మళ్లీ చదువుకోవడం మంచిది.

డిస్కు మీద సినిమా ఉండేది కంటికి ఆనని గుంటల వరుసగా. లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టుకుంటూ పోయే ఒకే ఒక బాట అది. లేజరు ఆ బాట మీద పడుతుంది. గుంట దగ్గర ఒకలా, గుంట లేని చోట మరోలా వెనక్కి వస్తుంది. ఆ తేడానే యంత్రం అంకెలుగా చదువుకుంటుంది. 1982లో వచ్చిన సీడీలో చుట్టకూ చుట్టకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు. 1996లో వచ్చిన డీవీడీలో 0.74 మైక్రాన్లు. బ్లూ-రేలో 0.32. ఒక తలవెంట్రుక మందంలో బ్లూ-రే బాటలు రెండు వందలకు పైగా పడతాయి.

బాటలు అంత దగ్గరైతే లేజరు చుక్క కూడా అంత సన్నగా ఉండాలి. లేకపోతే పక్క బాటలోని గుంటలు కూడా చదివేసి యంత్రం తికమకపడుతుంది. చుక్క ఎంత సన్నబడుతుందో రెండు విషయాలు నిర్ణయిస్తాయి. ఒకటి కాంతి తరంగ దైర్ఘ్యం. రెండోది కటకం కాంతిని ఎంత ఏటవాలుగా మళ్లించగలదో చెప్పే అంకె, న్యూమరికల్ అపెర్చర్. తరంగ దైర్ఘ్యం తగ్గినా, ఈ అంకె పెరిగినా చుక్క చిన్నదవుతుంది. సీడీకి 780 నానోమీటర్ల పరారుణ కాంతి, డీవీడీకి 650 నానోమీటర్ల ఎరుపు. ఇంకా ముందుకు వెళ్లాలంటే నీలం వైపు వెళ్లక తప్పదు.

కానీ నీలి లేజరు అంత తేలిగ్గా దొరకలేదు. గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని లోపాలు లేకుండా పెంచడం దశాబ్దాల పాటు శాస్త్రవేత్తలను ఏడిపించింది. నగోయా విశ్వవిద్యాలయంలో ఇసాము అకసాకి, హిరోషి అమానో, తోకుషిమా ప్రాంతంలోని నిచియా అనే రసాయనాల కంపెనీలో షుజి నకముర ఆ పని సాధించారు. 1993లో నకముర వెలుగు బాగా ఇచ్చే నీలి ఎల్‌ఈడీని, 1996 నాటికి అదే పదార్థంతో ఊదారంగు లేజరును చూపించారు. నీలి ఎల్‌ఈడీకి గాను ఆ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈ రోజు మన ఇళ్లలో వెలిగే తెల్లటి ఎల్‌ఈడీ బల్బూ, బ్లూ-రే ప్లేయరులోని లేజరూ ఒకే పరిశోధన బిడ్డలు.

లేజరు ఒకటే. 405 నానోమీటర్లు. మరి రెండు యంత్రాలు ఎందుకయ్యాయి? ఇక్కడే ఇంజనీర్ల దారులు వేరయ్యాయి.

తోషిబా, ఎన్‌ఈసీ వర్గం డీవీడీ శరీరాన్ని కదిలించలేదు. డీవీడీలో లాగానే గుంటల మీద 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర ఉంచింది. కటకం అంకెను 0.60 నుంచి 0.65కి మాత్రం పెంచింది. అలా చేస్తే పాత డీవీడీ కర్మాగారాలే కొద్ది మార్పులతో కొత్త డిస్కులు తయారు చేయగలవు. అదే హెచ్‌డీ డీవీడీ.

సోనీ, ఫిలిప్స్, పానసోనిక్ వర్గం 2002 ఫిబ్రవరిలో ప్రకటించిన బ్లూ-రేలో ఆ అంకెను 0.85కి తీసుకెళ్లింది. అంత ఏటవాలు కటకంతో ఒక చిక్కు ఉంది. డిస్కు కాస్త వంగినా చుక్క చెదిరిపోతుంది. ఈ చెదురు కటకం అంకె ఘనంతో పాటు, పొర మందంతో పాటు పెరుగుతుంది. అంకె 0.60 నుంచి 0.85కి పెరిగితే చెదురు దాదాపు మూడింతలవుతుంది. అందుకని పొరను ఆరో వంతుకు, అంటే 0.1 మిల్లీమీటరుకు తగ్గించారు.

ఈ రెండు ఎంపికల ఫలితాన్ని కాగితం మీద లెక్కేసి చూడొచ్చు. తరంగ దైర్ఘ్యాన్ని కటకం అంకెతో భాగిస్తే డీవీడీకి 1,083, హెచ్‌డీ డీవీడీకి 623, బ్లూ-రేకి 476 వస్తుంది. చుక్క వెడల్పు ఆ నిష్పత్తిలో తగ్గితే, అదే వైశాల్యంలో పట్టే సమాచారం దాని వర్గం చొప్పున పెరుగుతుంది. అంటే డీవీడీ మీద హెచ్‌డీ డీవీడీ మూడింతలు, బ్లూ-రే ఐదింతలకు కాస్త ఎక్కువ. డీవీడీ పొరకు 4.7 గిగాబైట్లు కాబట్టి లెక్క ప్రకారం సుమారు 14, 24 రావాలి. నిజంగా అమ్మిన డిస్కుల సామర్థ్యం పొరకు 15, 25 గిగాబైట్లు. రెండు వర్గాల గొడవంతా ఈ రెండు భాగహారాల్లో ఉంది.

బ్లూ-రే ఆ ఐదింతల లాభానికి మూల్యం కూడా చెల్లించింది. సీడీలో లేజరు డిస్కు పైతలాన్ని తాకే చోట సుమారు 0.7 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. కాబట్టి చిన్న ధూళి కణం దాని దారికి పెద్దగా అడ్డు రాదు. బ్లూ-రేలో ఆ వెడల్పు 0.13 మిల్లీమీటర్లే. గుడియాత్తం లాంటి మగ్గాల ఊళ్లో గాలిలో తేలే నూలు పీచు కూడా దానికి లెక్కలోకి వచ్చే అడ్డే. అందుకే 2003లో జపాన్‌లో వచ్చిన తొలి బ్లూ-రే రికార్డరు డిస్కులు ప్లాస్టిక్ పెట్టెలో ఉండేవి. తర్వాత టీడీకే కంపెనీ గీతలు పడని గట్టి పూత కనిపెట్టాకే పెట్టె అవసరం తప్పింది.

ఇక బజారు సంగతి. తోషిబా తొలి ప్లేయరు ధర 499 డాలర్లు. లోపల ఒక పెంటియం 4 ప్రాసెసరు, ఒక గిగాబైటు మెమరీ. అంటే దాదాపు ఒక కంప్యూటరే. విడిభాగాల ఖర్చే 674 డాలర్లని ఐసప్లై సంస్థ అంచనా కట్టింది. నష్టానికి అమ్మైనా ముందు ఇళ్లలోకి చేరాలన్నది తోషిబా పట్టుదల. శామ్‌సంగ్ బ్లూ-రే ప్లేయరు 999 డాలర్లు. కానీ బ్లూ-రేకి నవంబరులో ఒక పెద్ద అండ దొరికింది. సోనీ ప్లేస్టేషన్ 3 ఆటల పెట్టెలోనే బ్లూ-రే ఉంది. ఆట కోసం కొన్నవాళ్లందరూ బ్లూ-రే ప్లేయరు కూడా కొన్నట్టయింది. నీలి లేజరు డయోడ్లు చాలక ఐరోపాలో దాని విడుదల 2007 మార్చికి వాయిదా పడినా, ఆ అండ చివరిదాకా పనిచేసింది.

రెండు డిస్కులకూ ప్రాణం హాలీవుడ్ స్టూడియోలే. 2007 ఆగస్టులో పారామౌంట్ హెచ్‌డీ డీవీడీ వైపు చేరింది. అప్పటిదాకా రెండింటికీ సినిమాలిస్తున్న వార్నర్ 2008 జనవరి 4న బ్లూ-రే ఒక్కటే చాలంది. ఫిబ్రవరి 15న వాల్‌మార్ట్ తన దుకాణాల్లోంచి హెచ్‌డీ డీవీడీని తీసేస్తానంది. నాలుగు రోజులకు, ఫిబ్రవరి 19న, తోషిబా విరమించుకుంది. రెండేళ్లు కూడా నిండలేదు.

ఇప్పుడు వేలూరు జిల్లా ఇంటికి వద్దాం. 2007 ఏప్రిల్‌లో మన దేశంలో ప్లేస్టేషన్ 3 ధర 39,990 రూపాయలు. అదే ఏడాది మోజర్ బేయర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. ఒక ప్లేస్టేషన్ డబ్బుతో పద్నాలుగు వందల వీసీడీలు వచ్చేవి.

చౌక అని బొమ్మ విషయంలో రాజీ పడ్డారా? ఇక్కడ కంటి శాస్త్రం ఒక ముఖ్యమైన మాట చెబుతుంది. మామూలు చూపుకి రెండు చుక్కలు విడివిడిగా కనిపించాలంటే వాటి మధ్య కోణం డిగ్రీలో అరవయ్యో వంతైనా ఉండాలి. రెండున్నర మీటర్ల దూరంలో అది 0.73 మిల్లీమీటర్లు. 14 అంగుళాల టీవీ తెర ఎత్తు సుమారు 20 సెంటీమీటర్లు. వీసీడీ బొమ్మలో 288 గీతలు. అంటే గీతకు 0.7 మిల్లీమీటర్లు. చాప మీద రెండున్నర మీటర్ల అవతల కూర్చున్న మనిషికి వీసీడీ గీతలే విడిగా కనిపించవు. ఆ తెర మీద 1,080 గీతల బొమ్మ ఆడించినా కంటికి అందేది అదనంగా ఏమీ లేదు. పైగా ఆ టీవీ వెనక ఉండేది పసుపు వైరు గుచ్చుకునే రంధ్రమే. ఆ వైరులోంచి హైడెఫినిషన్ బొమ్మ రానే రాదు.

వీసీడీ లోపం వేరే చోట ఉండేది. సెకనుకు 1.15 మెగాబిట్లలోనే బొమ్మంతా కుక్కాలి కాబట్టి పాటలో జనం గుంపుగా కదిలినా, నీళ్లు ఎగసినా తెర గళ్లుగళ్లుగా విడిపోయేది. ఆ లోపానికి మందు 34 రూపాయల డీవీడీలోనే ఉంది. 32 అంగుళాల టీవీని మూడు మీటర్ల నుంచి చూస్తే 576 గీతల డీవీడీ కూడా కంటి హద్దులోపలే ఉంటుంది. అదే 55 అంగుళాల తెర అయితే డీవీడీ గీత 1.2 మిల్లీమీటర్లవుతుంది. కంటికి మసక తెలుస్తుంది. బ్లూ-రే అవసరం నిజంగా అక్కడ మొదలవుతుంది. వీసీడీ నుంచి డీవీడీకి మారి అక్కడే ఆగినవాళ్లు వెనకబడినవాళ్లు కారు. తమ తెరకు, తమ గదికి తగిన యంత్రమే వాళ్లు ఎంచుకున్నారు.

అమెరికా నుంచి తెచ్చిన ప్లేయరుకు మరో అడ్డు ఉండేది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. దానికి ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవచ్చు. కానీ సినిమా కంపెనీలు ప్రపంచాన్ని ముక్కలు చేసి డిస్కులకు వేసిన తాళం అలా తీరదు. డీవీడీలో అమెరికా ఒకటో ప్రాంతం, మనది ఐదు. బ్లూ-రేలో అమెరికా ఏ, మనది సీ. తాళమున్న డిస్కు ఆ ప్రాంతపు ప్లేయరులోనే ఆడుతుంది. హెచ్‌డీ డీవీడీకి మాత్రం ఈ ప్రాంతాల తాళం లేదు. ఓడిపోయిన యంత్రంలో వలస కుటుంబాలకు అంత మేలైన గుణం ఉందని గుర్తు చేసుకోవడం న్యాయం. గెలిచింది అన్ని విధాలా మంచిదే అయ్యుండాలని లేదు.

గెలిచిన బ్లూ-రే కూడా ఎక్కువకాలం రాజ్యం చేయలేదు. సినిమా ఇంటర్నెట్‌లోంచి రావడం మొదలైంది. మోజర్ బేయర్ 2018లో దివాలా తీసి మూతపడింది. శామ్‌సంగ్ 2019లో అమెరికాకు కొత్త బ్లూ-రే ప్లేయర్లు ఆపేసింది. ఎల్‌జీ 2024లో ఆపింది. సోనీ 2025 ఫిబ్రవరిలో రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీ ఆపింది. ‘బాహుబలి’, ‘ఆర్ఆర్ఆర్’ లాంటి మన సినిమాలను బ్లూ-రేగా కొని దాచుకునే అభిమానులు జపాన్‌లో ఉన్నారు. ఇక్కడ ఎక్కువగా చూసేది ఇంటర్నెట్‌లోని ఓటీటీలోనే. హక్కుల గడువు తీరితే అక్కడ నిన్నటి సినిమా రేపు ఉండకపోవచ్చు. బొమ్మ నాణ్యతలోనూ తేడా ఉంది. 1,080 గీతల సినిమాకు నెట్‌ఫ్లిక్స్ సూచించే వేగం సెకనుకు 5 మెగాబిట్లు. బ్లూ-రేలో బొమ్మకు 40 దాకా దొరుకుతుంది. కొత్త కుదింపు పద్ధతులు కొంత పూడ్చినా, పెద్ద తెర మీద చీకటి సన్నివేశాల్లో తేడా ఇప్పటికీ కనిపిస్తుంది.

కాబట్టి ఇంట్లో ఏం చేయాలి? పెద్ద తెర ఉండి, సినిమా మీద ప్రేమ ఉంటే పనిచేసే బ్లూ-రే ప్లేయరు ఒకటి కొని ఉంచుకోండి. పాత డీవీడీలను కూడా అది చదువుతుంది. వీసీడీలను మాత్రం అన్ని ప్లేయర్లూ చదవవు. కొనేముందు అడిగి తెలుసుకోండి. దుకాణంలో కొన్న సినిమా డిస్కులో గుంటలు అచ్చు గుద్ది ఉంటాయి. జాగ్రత్తగా దాచితే చాలాకాలం నిలుస్తుంది. ఫొటో స్టూడియోవాళ్లు రాసిచ్చిన పెళ్లి సీడీ, డీవీడీ అలాంటివి కావు. వాటిలో సమాచారం ఉండేది సేంద్రియ రంగుపొరలో. ఎండకూ వేడికీ ఆ రంగు క్రమంగా చెడిపోతుంది. కత్తిరి ఎండల్లో వేలూరు గది వేడి ఎంతో అందరికీ తెలుసు. అమ్మానాన్నల పెళ్లి, తాతగారి గొంతు ఉన్న డిస్కులు బీరువాలో ఉంటే, చదివే ప్లేయరు ఇంకా దొరుకుతున్నప్పుడే హార్డ్‌డిస్కు మీదికి, మరో చోట ఇంకో ప్రతిగా ఎక్కించుకోండి.

తెలుగు నిర్మాతలకు కూడా ఒక విన్నపం. మంచి సినిమాలను తాళాల్లేని డిస్కులుగా అచ్చు వేయండి, తక్కువ ప్రతులైనా సరే. కొనుగోలుదారు యంత్రాన్ని ఎంచుకునేది దానిలో తన భాష సినిమా దొరుకుతుందన్న నమ్మకంతోనే. కటకాల లెక్కలు గెలిచినా, సినిమాలు చేతికందకపోతే ఏ యంత్రమూ ఇంట్లో నిలవదని ఈ కథ చెబుతోంది.