బాల్కనీ ఎండకూ ఓ లెక్కుంది!

మీ బాల్కనీలోకి ఎండ ఏ వేళకొచ్చి ఏ వేళకు పోతుందో ఎప్పుడైనా గమనించారా? వడియాలు పెట్టే ఇల్లాలికి తప్ప ఆ సంగతి ఇంట్లో ఇంకెవరికీ పట్టదు. సోలార్ కరెంటుకు ముందుగా కావలసింది ఆ లెక్కే.

మాది విజయవాడలో అపార్ట్‌మెంట్. డాబా అందరిదీ, మాదంటూ ఉన్నది బాల్కనీ ఒక్కటే. రాత్రిళ్లు కరెంటు పోతే మా అత్తయ్యగారు చీకట్లో గోడ పట్టుకుని నడుస్తుంటే నా గుండె దడదడలాడేది. అందుకే దక్షిణం వైపు బాల్కనీ గ్రిల్‌కు వంద వాట్ల సోలార్ ప్యానెల్ బిగించుకున్నాం. గాలివానకు ఊడి కింద ఎవరి మీదా పడకుండా ఆ పని మేస్త్రీ చేతే చేయించాలి సుమా!

ప్యానెల్ నుంచి వైర్లు ఛార్జ్ కంట్రోలర్ అనే చిన్న డబ్బాలోకి, అక్కణ్ణుంచి 12 వోల్టుల, 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి వెళ్తాయి. కంట్రోలర్‌కు ముందు బ్యాటరీని, ఆ తర్వాతే ప్యానెల్‌ను కలపాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. ఇంటి కరెంటుతో దీనికి సంబంధమే లేదు. అలా కలపాలంటే విద్యుత్ పంపిణీ సంస్థ అనుమతి తప్పనిసరి.

"ఫ్రిజ్ నడుస్తుందా వదినా?" అంది పక్కింటావిడ. నడవదమ్మా! మిక్సీ, గీజర్ల ఊసే వద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకుంటే అది పదికాలాలు మన్నుతుంది. అంటే రాత్రికి 240 వాట్ అవర్లు. 28 వాట్ల డీసీ ఫ్యాను 5 గంటలకు 140, తొమ్మిది వాట్ల బల్బులు రెండు 4 గంటలకు 72. అంతే, సరిపోయింది!

రోజూ పొద్దున్నే ఎండ పడకముందు అన్నీ ఆపి, కాసేపాగి వోల్టేజీ చూస్తాను. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. పాల లెక్క రాసే క్యాలెండర్లోనే ఆ అంకె కూడా వేస్తాను. ప్యానెల్ మీద దుమ్ము పేరుకుంటే ఆ అంకే చెబుతుంది. చల్లటి వేళ తడిగుడ్డతో తుడిస్తే చాలు.

క్యాలెండర్ ఇంకో సంగతీ చెప్పింది. జనవరిలో బాగున్న అంకెలు మేలో పడిపోయాయి! చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఎండ లోపలిదాకా వస్తుంది. మే మొదటి వారానికి నడినెత్తికొస్తాడు. ఆ తర్వాత ఆగస్టు దాకా మధ్యాహ్నం వేళ ఉత్తరం వైపే. పైవాళ్ల బాల్కనీ నీడ మన ప్యానెల్ మీద పడుతుంది. అంటే కరెంటు ఎక్కువ కావలసిన రోజుల్లోనే తక్కువ వస్తుందన్నమాట. ప్యానెల్ అడుగు భాగాన్ని కాస్త బయటికి జరిపించి, ఫ్యాను వాడకం తగ్గించాం. అత్తయ్యగారి గది ముందు బల్బు మాత్రం ఆపలేదు.

మీరూ కొనాలనుకుంటే తొందరపడకండి. ఎండ గంటలు జనవరిలో ఓసారి, మేలో ఓసారి రాసుకోండి. తక్కువ వచ్చిన లెక్కకే ఖర్చుపెట్టండి. ఇంట్లో ఏ దీపం ముందు వెలగాలో మీకు తెలిసినంతగా దుకాణం వాడికి తెలియదు కదా!