లిఫ్ట్ కిట్ వేయించాక బండి ఊగుతోందా..? 'అదే సెట్ అయిపోద్ది' అన్న మాట నమ్మొచ్చా..?

థార్ కొన్నాం.. జిమ్నీ కొన్నాం.. ఇక లిఫ్ట్ కిట్ వేయించాల్సిందే! వీకెండ్‌లో అనంతగిరి కొండల వైపు బండి తిప్పే కుర్రాళ్ల నోట ఇప్పుడు ఇదే మాట. రెండు అంగుళాలు ఎత్తు పెరిగిన బండి రీల్స్‌లో అదిరిపోతుంది. అసలు కథ ఆ మర్నాడు మొదలవుతుంది. ఓఆర్ఆర్ ఎక్కి 80 దాటగానే స్టీరింగ్ అటూ ఇటూ పోతుంటుంది. స్పీడ్ బ్రేకర్ దిగితే కింద టక్‌మని శబ్దం. వెనక సీట్లో కూర్చున్న అమ్మానాన్నలు నడుం పట్టుకుంటారు. షాపుకి ఫోన్ చేస్తే చాలాసార్లు వచ్చే సమాధానం ఒక్కటే. "కొత్త స్ప్రింగులు కదా సార్, వెయ్యి కిలోమీటర్లు తిప్పండి.. అదే సెట్ అయిపోద్ది."

ఈ మాటలో నిజం కొంతే ఉంది. ఏది సెట్ అవుతుందో, ఏది కాదో తెలియకుండా తిప్పుకుంటూ పోతే మాత్రం డేంజరే.

కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కొన్ని మిల్లీమీటర్లు కిందికి దిగుతాయి. దాంతో ఎత్తు కాస్త తగ్గుతుంది, బిగుతు కూడా కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది. అంతవరకే. అందుకే 500 కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్లీ టైట్ చేయించి, అలైన్‌మెంట్ మరోసారి చూపించుకోమంటారు. కానీ స్టీరింగ్ నిలకడ లేకపోవడం, కింద శబ్దం రావడం, బండి ఒక పక్కకి లాగడం.. ఇవి ఎన్ని కిలోమీటర్లు తిప్పినా పోవు. ఎందుకంటే అక్కడ మారింది స్ప్రింగు ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న కోణాలన్నీ మారాయి.

ముందు జిమ్నీ సంగతి చూద్దాం. దీనికి ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్సే. ముందు యాక్సిల్‌ను ఛాసిస్‌తో కలిపే పొడవాటి ఆర్మ్స్ యాక్సిల్ నుంచి వెనక్కి వెళ్తాయి. బాడీ పైకి లేచిందంటే ఆ ఆర్మ్స్ వెనక కొస కూడా పైకి లేస్తుంది. దాంతో యాక్సిల్ కాస్త ముందుకు తిరుగుతుంది. ఇక్కడే పోయేది 'క్యాస్టర్' కోణం. సైకిల్ ముందు ఫోర్క్ ఎలా వాలి ఉంటుందో గుర్తుచేసుకోండి. ఆ వాలు వల్లే సైకిల్ హ్యాండిల్ వదిలినా కాసేపు తిన్నగా వెళ్తుంది. కార్లోనూ అంతే. ఆ వాలు తగ్గితే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రాదు, స్పీడ్‌లో తేలిపోతున్నట్టు ఉంటుంది. దీనికి మందు క్యాస్టర్ కరెక్షన్ బుష్‌లు, లేదంటే కరెక్షన్ ఉన్న ఆర్మ్స్. చాలా చోట్ల ఖర్చు తగ్గించడానికి వదిలేసేది సరిగ్గా ఇదే.

రెండోది పాన్‌హార్డ్ రాడ్. ఒక కొస ఛాసిస్‌కి, ఇంకో కొస యాక్సిల్‌కి ఉంటుంది. ఎత్తు పెరిగితే ఇది యాక్సిల్‌ను ఒక పక్కకి లాగేస్తుంది. ఒక వైపు టైరు బయటికి, మరో వైపు లోపలికి కనిపిస్తే కారణం ఇదే. స్టీరింగ్ కూడా వంకరగా నిలబడుతుంది. బండి తిన్నగా వెళ్తున్నా స్టీరింగ్ తిరిగి ఉందని సెన్సార్ చెబుతుంటే ఈఎస్‌పీ అయోమయంలో పడుతుంది, లైట్ వెలుగుతుంది. అడ్జస్టబుల్ రాడ్ వేసి, స్టీరింగ్‌ని సెంటర్ చేసి, సెన్సార్‌ని మళ్లీ సెట్ చేయించాలి.

ఒక్కోసారి గుంతలో పడగానే స్టీరింగ్ చేతిలో నిలవనంతగా వణుకుతుంది. ఆఫ్‌రోడ్ వాళ్లు దీన్ని 'డెత్ వాబుల్' అంటారు. అలాంటప్పుడు సడన్ బ్రేక్ కొట్టొద్దు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేసి మెల్లగా స్పీడ్ తగ్గించాలి. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే వణుకు ఆగినట్టే ఉంటుంది కానీ జబ్బు లోపలే ఉంటుంది. టైర్ బ్యాలెన్సింగ్, అరిగిన బేరింగులు, వదులైన బుష్‌లు, క్యాస్టర్.. వరసగా ఇవన్నీ చూడాల్సిందే.

2020లో వచ్చిన థార్ కథ వేరు. వెనక రిజిడ్ యాక్సిలే అయినా ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్. ఇక్కడ స్ట్రట్ పైన స్పేసర్ పెట్టి ఎత్తు పెంచితే చక్రం మునుపటికన్నా కిందికి వేలాడుతుంది. అప్పుడు సీవీ జాయింట్లు, పై ఆర్మ్ బాల్ జాయింట్లు ఎక్కువ వంపులో పనిచేయాలి. రబ్బరు బూట్ చిరిగి గ్రీజు బయటికి చిమ్మితే జాయింట్‌కి రోజులు దగ్గర పడినట్టే. క్యాంబర్, టో కూడా మారతాయి కాబట్టి అలైన్‌మెంట్ లేకుండా తిప్పితే టైర్ల అంచులు చూస్తుండగానే అరిగిపోతాయి.

మరి ఆ టక్ శబ్దం? పాత షాక్ అబ్జార్బర్లు అలాగే ఉంచి పొడవాటి స్ప్రింగులు మాత్రం మార్చారా అని అడగండి. స్ప్రింగు బండిని పైకి లేపేసరికి షాక్ అప్పటికే సగం పైగా సాగిపోయి ఉంటుంది. చక్రం గుంతలోకి దిగాలంటే ఇక చోటు ఉండదు. షాక్ చివరిదాకా సాగి ఆగిపోతుంది. ఆ దెబ్బే టక్.

రైడ్ గట్టిగా ఉండటానికి పెద్ద కారణం బరువు లెక్క. చాలా కిట్లలో స్ప్రింగులు స్టీల్ బంపర్, వించ్, నిండా సామాను మోసే బండి కోసం చేసినవి. అవేమీ లేకుండా ఒక్కరే ఆఫీసుకి వెళ్తే ఎముకలు కదలక ఏమవుతాయి! కొనేటప్పుడే బండిలో రోజూ ఎంత బరువు ఉంటుందో చెప్పి స్ప్రింగు ఎంచుకోవాలి. మందం టైర్లు వేయించి ఉంటే గాలి ఎంత పెట్టారో కూడా చూసుకోండి.

చాలామందికి తెలియని ఇంకో విషయం. బండి లిఫ్ట్ మీద, చక్రాలు వేలాడుతున్నప్పుడే ఆర్మ్స్ బోల్టులు బిగించేస్తారు. కిందికి దించగానే లోపలి రబ్బరు బుష్‌లు మెలిపడి ఉండిపోతాయి. రైడ్ బిగుసుకుపోతుంది, కిర్రుమంటుంది, బుష్ తొందరగా చిరుగుతుంది. నాలుగు చక్రాలూ నేల మీద ఉండగా ఆ బోల్టులు వదులు చేసి మళ్లీ బిగిస్తే చాలు. కొత్త పార్ట్ ఒక్కటీ అక్కర్లేదు.

వీటన్నింటికన్నా ముందు చూడాల్సింది బ్రేక్ పైపులు. జాక్ ఛాసిస్ కింద పెట్టి లేపండి, చక్రం పూర్తిగా వేలాడనివ్వండి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పించండి. బ్రేక్ హోస్ గానీ ఏబీఎస్ వైరు గానీ బిగుసుకుంటే ఆ బండి రోడ్డెక్కకూడదు.

అసలు లిఫ్ట్‌తో వచ్చే లాభం మీద కూడా ఒక అపోహ ఉంది. రిజిడ్ యాక్సిల్ ఉన్న చోట స్ప్రింగు ఎంత పెంచినా డిఫరెన్షియల్ నేలకి ఉన్న ఎత్తు మారదు. జిమ్నీకి కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు, థార్‌కి 226. డిఫరెన్షియల్ కింద జాగా పెరగాలంటే పెద్ద టైరు ఒక్కటే దారి. లిఫ్ట్ వల్ల బంపర్లు, బండి మధ్య భాగం రాళ్లకి తగలకుండా ఉంటాయి, పెద్ద టైరుకి చోటు దొరుకుతుంది. దానికి బదులుగా బండి బరువు పైకి జరుగుతుంది, మలుపుల్లో ఎక్కువ ఒరుగుతుంది.

చట్టం మాటేంటి? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర, జాయింట్లు పోతే వారంటీ దగ్గర ఇదే ప్రశ్న ఎదురవుతుంది. కాబట్టి తీసిన పాత స్ప్రింగులు, షాక్‌లు షాపులో వదిలేయకండి. ఇంటికి తెచ్చుకుని దాచుకోండి.